అమ్మీ చోర్‌బత్తి



పోయిన వానాకాలం మా అమ్మీ వాకిట్లో పడ్డది. ఎడమ చేతి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు పట్టీ. చూడ్డానికి వచ్చినోళ్లందరికీ "పాచి ఉండె, కాలు జారింది" అని ఒకటే మాట చెప్పింది. నేనూ అదే నమ్మిన. పాచి కాదు, నేను కొనిచ్చిన టార్చి వల్ల పడ్డదని నాకు నెల తర్వాత తెల్సింది. అదీ మా చిన్న బిడ్డ నోటి నుంచి.

ఈసారి ఆ టార్చి కిస్సానే రాస్తున్న. రిజర్వేషన్లు, వక్ఫ్ జమీన్లు, చదువుల గురించి రాసే ఈ జాగాలో టార్చిలైటు ఏంది అనుకోవద్దు. మన అందరి ఇండ్లలో ఒక అమ్మీయో, నానీయో, దాదీయో తహజ్జుద్‌కు చీకట్లో లేస్తది. సెహరీకి అందరికంటే ముందు లేచి పొయ్యి ముట్టిస్తది. ఆమె చేతిలో ఏ వెలుగు పెడ్తున్నమనేది చిన్న ముచ్చట కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

మా ఇల్లు బొల్లారంలో. సికింద్రాబాద్ కంటోన్మెంట్ దిక్కు ఉండే బొల్లారం కాదు. మియాపూర్ నుంచి లోపలికి వస్తే తగిలే ఫ్యాక్టరీల బొల్లారం. 2016 అక్టోబర్ దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. సదాశివపేట దిక్కు పల్లె నుంచి మా అబ్బా 1980లలో ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో పనికి వచ్చిండు. సెకండ్ షిఫ్టు అయితే రాత్రి పదిన్నర, పదకొండుకు ఇల్లు చేరేటోడు. గల్లీకి లైట్లు లేవు. కుంట పక్క నుంచి బాట. వానాకాలం పాములు. రాత్రి పూట ఘాటైన వాసన గాలిలో దిగితే కిటికీలు మూసుకొని పడుకునేటోళ్లం. అప్పుడు అమ్మీ గేటు దగ్గర బ్యాట్రీ పట్టుకొని నిలబడేది. అబ్బా సైకిల్ బెల్లు వినపడంగనే బాట మీద వెలుగు వేసి ఒక మాట అనేది:

"అంధేరా హై, సంబాల్‌కే ఆవ్ జీ."

మా ఇండ్లల్ల టార్చిని బ్యాట్రీ అంటం. మా నానీ అయితే 'చోర్‌బత్తి' అనేది. దొంగలు వాడే దీపమా, దొంగల్ని పట్టే దీపమా అని చిన్నప్పుడు అన్నదమ్ములం కొట్లాడుకునేటోళ్లం. ఉర్దూ మీడియం స్కూల్లో మా ఉస్తాద్‌ను అడిగితే నవ్వి, "దోనో" అన్నడు. కందిలి మాట కూడా మనదే. 'ఖందీల్' నుంచి వచ్చి తెలుగు ఇండ్లల్లో గాసు నూనె తాగుతూ కూసుంది.

ఆ చోర్‌బత్తి ఇత్తడిది, మూడు సెల్లులది. తలకాయ తిప్పితే వెలుగు దగ్గరికీ దూరానికీ పోయేది. అమ్మీకి దాని ప్రతి ముక్కా తెల్సు. బల్బు మాడితే మార్చేది. వెనుక స్ప్రింగుకు చిలుం పడితే గరుకు కాగితంతో రుద్దేది. సెల్లులు అయిపోతున్నయంటే మిద్దె మీద ఎండకు పెట్టేది. ఇంకో నాలుగు రోజులు నడిచేవి. ఎండాకాలం సెల్లులు కారి లోపల పాడు చేస్తయని విప్పి డబ్బాలో దాచేది. ఎర్ర రంగు ఎవరెడీ సెల్లులు. వాటిని తయారు చేసింది యూనియన్ కార్బైడ్ అని, 1984 డిసెంబర్‌లో భోపాల్‌ను చంపిన కంపెనీ అదేనని నాకు డిగ్రీలో తెల్సింది. ఇంటికొచ్చి చెప్తే అమ్మీ ఆ బ్యాట్రీని చాలాసేపు చేతిలో తిప్పి చూసింది. అబ్బా అప్పటికి ఫ్యాక్టరీ రాత్రులే చేస్తున్నడు. ఏమీ అనలేదు.

అబ్బా ఇంతెఖాల్ అయినంక ఆ బ్యాట్రీ పెట్టెలోకి పోయింది. తర్వాత అంగట్లో నూట యాభై రూపాయలకు ఒక ప్లాస్టిక్‌ది కొన్నం. వెనుక నుంచి రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టేది. ఆర్నెల్లకే చచ్చింది. ఎందుకో ఇప్పుడు తెల్సు. అట్లాంటి వాటిలో చాలావరకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటది, స్కూటర్‌లో ఉండేదాని చిన్న తమ్ముడు. దాన్ని ఖాళీగా వదిలేస్తే లోపలి సీసం పలకల మీద సల్ఫేటు గట్టిగా పేరుకుంటది. తర్వాత ఎంతసేపు ప్లగ్గులో పెట్టినా ఛార్జి పట్టదు. మేము కరెంటు పోయినప్పుడు వాడి, మళ్లీ పోయేదాకా అల్మారాలో పడేసేటోళ్లం. అది చచ్చుడే సహజం.

ఇక నా సంగతి. నేను పత్రికలో డెస్కు మీద చేస్తున్న. ఆఖరి పేజీ పంపి ఆఫీసు బండి ఎక్కితే చౌరస్తాలో దిగేసరికి రాత్రి రెండు. అక్కడి నుంచి గల్లీలో నడక. షిఫ్టు దిగి వచ్చే బిహార్, ఒడిశా పిల్లలు సెల్‌ఫోన్ లైట్లతో ఎదురొస్తరు. ఇంటి దగ్గరికి రాంగనే గేటు గొళ్లెం చప్పుడు. అమ్మీ. డెబ్బై దాటింది, ఒక కంటికి మోతియాబింద్ ఆపరేషన్ అయింది, మోకాళ్లు నొప్పులు. రావొద్దంటే వినదు. "ఎట్లాగూ తహజ్జుద్‌కు లేవాలె గదా" అంటది. రెండింటికి లేచేది తహజ్జుద్ కోసమా, నా కోసమా అని నేను ఎన్నడూ అడగలేదు.

కరెంటు కోతలు ముందటంత లేవు. 2012లో ఫ్యాక్టరీలకే పవర్ హాలిడే ఇచ్చిన రోజులు చూసినం. ఇప్పుడు అది లేదు గానీ, గాలివాన మొదలైతే లైను పడిపోవుడు మామూలే. అందుకని ఆన్‌లైన్‌లో ఒక మంచి టార్చి చూసి పద్నాలుగు వందలు పెట్టి తెప్పించిన. నల్లటి లోహం, అరచేతి పొడుగు. ఒక్కటే రబ్బరు బటన్. ఒకసారి నొక్కితే ఫుల్లు, మళ్లీ నొక్కితే మధ్యరకం, ఇంకోసారి తక్కువ, ఇంకోసారి టపటపా మిణుకు, ఇంకోసారి ఆపదలో ఉన్న ఓడ ఇచ్చే సిగ్నలు. ఆపాలంటే బటన్ నొక్కి పట్టుకోవాలె. నాకు చాలా నచ్చింది. రెండుసార్లు చూపించి, "సమజ్ అయిందా అమ్మీ?" అని అడిగిన. "హౌ" అన్నది.

ఆ రాత్రి వాన. పావు తక్కువ రెండుకు కరెంటు పోయింది. గల్లీ మొదట్లో నా అడుగుల చప్పుడు ఆమెకు వినపడ్డదో, వినపడ్డట్టు అనిపించిందో, తలుపు తీసి బటన్ నొక్కింది. మిణుకు మొదలైంది. మళ్లీ నొక్కింది. ఓడ సిగ్నలు. మళ్లీ నొక్కితే ఫుల్లు వెలుగు ఎదురుగా ఉన్న తెల్ల టైల్స్ గోడ మీద పడి ఆపరేషన్ అయిన కంట్లోకి కొట్టింది. తత్తరపడి నొక్కి పట్టుకుంది. ఆరిపోయింది. అంత వెలుగు చూసిన కండ్లకు చీకటి ఇంకా చిక్కగా ఉంటది గదా. రెండో మెట్టు ఉందనుకున్న చోట లేదు.

నేను వచ్చేసరికి మెట్టు మీద కూసొని ఉంది, కుడి చేతితో ఎడమ చేతిని పట్టుకొని. టార్చి దుపట్టా కొంగు కింద. నేను ఫోన్ లైటు వేసి ఆమెను లేపిన. చీకట్లో ఎందుకు వచ్చినవ్ అని కోప్పడిన కూడా.

నెల తర్వాత ఒక సాయంత్రం కరెంటు పోతే, టార్చి తీసి ఆమె చేతికిచ్చిన. తీసుకొని మెల్లగా పక్కన పెట్టింది. తొమ్మిదేళ్ల మా చిన్నది అన్నది: "అది డ్యాన్స్ చేస్తది గదా అబ్బా. ఆ రోజు దాదీ దానివల్లనే పడ్డది. నేను కిటికీలకెళ్లి చూసిన."

"చుప్ బైఠ్" అన్నది అమ్మీ.

నేను ఎందుకు చెప్పలేదని అడిగిన. కొంచెంసేపు ఊకున్నది. తర్వాత, "ఇత్తే పైసే డాల్‌కే లాయా. మేరే కోచ్ నై ఆయా తో తేరా దిల్ కాయ్‌కు దుఖానా?" అన్నది. ఇన్ని పైసలు పోసి తెచ్చినవ్, నాకే చాతగాకపోతే నీ మనసు ఎందుకు నొప్పియ్యాలె అని.

నాకే చాతగాలేదు. ఆ మాట నన్ను పట్టుకుంది. కుట్టుమిషన్ విప్పి నూనె పోసి మళ్లీ బిగించే మనిషి ఆమె. స్టవ్వు పిన్నుతో పొక్క సాఫు చేసి నీలం మంట తెప్పించే మనిషి. ఉర్దూ చదువుతది, ఖురాన్ చదువుతది. ఆ టార్చి డబ్బాలో వచ్చిన కాగితం మాత్రం ఇంగ్లీషులో, చైనీసులో ఉంది. అబ్బా బ్యాట్రీ తన సంగతి తనే చెప్పేది. మీట ముందుకు ఉంటే వెలుగు, వెనక్కి ఉంటే చీకటి, బొటనవేలికే తెల్సేది. ఈ రబ్బరు బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఒకే తీరుగ ఉంటది. ఇప్పుడు ఏ నంబరు మీద ఉందో గుర్తు పెట్టుకోవాల్సింది మనిషే. వస్తువు చేయాల్సిన పని మనిషి మీద వేసి, మనిషికి చాతకాదని పేరు పెట్టినట్టు.

ఈ షర్మ్ నాకు కొత్త కాదు. ఉర్దూ మీడియం నుంచి పోయి తెలుగు డిగ్రీలో కూసున్నప్పుడు, మొదటి ఏడాది ఛందస్సు క్లాసులో గురువులు, లఘువులు నా తల మీంచి పోయేవి. సార్ "అర్థమైందా?" అంటే అందరితో పాటు తల ఊపేటోణ్ని. అడిగితే 'సాయిబుల పిలగానికి తెలుగు రాదు' అంటరేమోనని భయం. అమ్మీ "హౌ" అన్నది కూడా ఆ తల ఊపుడే. అంత అనుభవం ఉండి కూడా నేను ఆ సార్ తీరుగనే రెండుసార్లు చూపించి లేచిపోయిన.

పట్టీ తీసినంక అమ్మీని తీస్కొని కోఠి పోయిన. ఈసారి ఆమె లేకుండా కొనొద్దని అనుకున్న. ట్రూప్ బజార్‌లో లైట్ల దుకాణాల వరుస తెల్సిందే గదా. మొదటి దుకాణంలో పిలగాడు జూమ్ టార్చి తీసి ఎదురు బిల్డింగు నాలుగో అంతస్తు మీద వేసి చూపించిండు. అమ్మీ బుర్ఖా నఖాబ్ ఎత్తి చూసి, "నాకు నాలుగో అంతస్తుతో ఏం పని బేటా, నా కాళ్ల ముందట పడాలె" అన్నది. మాట ఖరాఖండీ. దూరం కొట్టే టార్చి వెలుగును సన్నగా ఒక చుక్క చేస్తది. పొలం కాడ పందుల్ని చూడ్డానికి అది సరే. వాకిట్లో నడిచే మనిషికి మెట్టూ, మెట్టు అంచూ, పక్కనున్న బకెట్టూ ఒకేసారి కనపడాలె. వెడల్పుగా, మెత్తగా పడే వెలుగు కావాలె.

ల్యూమెన్ల లెక్క కూడా అక్కడే తేలింది. వెలుగు మొత్తం ఎంత వస్తదో చెప్పే కొలత అది. డబ్బాల మీద వేలు, లక్షలు రాస్తరు. ఇంట్లో, వాకిట్లో నడవడానికి యాభై, వంద చాలు. రెండు, మూడు వందలుంటే గల్లీకీ సరిపోతది. అంతకు మించితే పెద్దవాళ్ల కండ్లకు నష్టమే. తెల్లగోడ మీద పడి తిరిగొచ్చి కొడ్తది. రంగు కూడా చూసుకోవాలె. నీలం కొట్టే తెలుపు కంటే కొంచెం పసుపు దిక్కు ఉండే వెలుగు మేలని అమ్మీ తన కండ్లతో తనే తేల్చింది. రెండూ పక్కపక్కన వేయించి, "యే కందిల్ జైసా హై, యేచ్ దేవ్" అన్నది.

ఇంకో దుకాణంలో బ్యాటరీ 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది చూపించిండ్రు. ఇక్కడ నా చదువు కొంచెం అక్కరకొచ్చింది. ఈ టార్చిల్లో ఎక్కువగా ఉండే లిథియం సెల్లును 18650 అంటరు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు అని ఆ అంకెల అర్థం. అంత సైజులో మంచి కంపెనీల సెల్లు కూడా 3,500 దగ్గర ఆగిపోతది. దాని మీద 9,900 రాసి ఉంటే అది ఝూటా. సెల్లు మీద ఝూటా రాసినోడు లోపల ఏం పెట్టిండో అల్లాకే తెల్సు. లిథియంతో ఫాయిదా ఏందంటే, వాడకుండా పెట్టినా నెలల తరబడి ఛార్జి చాలావరకు నిల్చే ఉంటది. లెడ్ యాసిడ్ తీరుగ అల్మారాలో చావదు.

ఆఖరికి మూడో దుకాణంలో దొరికింది. ఆరు వందల యాభై. కంపెనీ పేరు రాయను, ఇష్తెహార్ అయితది. దానికి జరిపే మీట ఉంది. వెనుక ఉంటే బంద్, మధ్యలో తక్కువ, ముందుకు ఎక్కువ. అంతే. మిణుకు లేదు, ఓడ సిగ్నలు లేదు. అమ్మీని కండ్లు మూసుకొని వేయమన్న. తర్వాత కుడి చేతితో, తర్వాత ఇంకా గట్టిపడని ఎడమ చేతితో. మూడుసార్లూ సరిగ్గా వేసి ఆర్పింది. నేను ఒక్క ముక్క నేర్పలేదు. దుకాణం ఆయన, "అమ్మా, దీనికంటే పవర్‌ఫుల్లు ఉన్నయి" అంటే, "మేరే కో పవర్ నక్కో బాబా, బత్తీ హోనా" అన్నది.

ఛార్జింగుకు టైప్-సి ఉన్నదే తీసుకోండి. పాత చిన్న పిన్ను ఒక దిక్కే పడ్తది. కండ్లు సరిగ కనపడనోళ్లు ఉల్టా దూర్చి విరగ్గొడ్తరు. టైప్-సి ఎటు పెట్టినా పోతది. ఒక మెలిక ఉంది. కొన్ని చౌక టార్చిలు రెండు దిక్కులా టైప్-సి ఉన్న వైరుతో ఛార్జి కావు. ఒక దిక్కు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న వైరుతోనే అయితయి. టార్చి ఖరాబైందని అనుకోవద్దు. డబ్బాలో వచ్చిన వైరును ఇంట్లో ఛార్జరుకు పెట్టి అక్కడే వదిలేయండి.

ఇంటికి తెచ్చినంక అసలు ఇమ్తెహాన్ పెట్టినం. ఇషా నమాజు తర్వాత తక్కువ వెలుగు మీద పెట్టి బల్ల మీద వదిలేసినం. ఫజర్ అజాన్ అయ్యేసరికి ఇంకా వెలుగుతనే ఉంది. ఎక్కువ మీద అయితే మూడు గంటలకు కొంచెం తక్కువ నడిచింది. ఆ లెక్క అమ్మీకి చెప్తే, "అయితే సెహరీ నుంచి ఇఫ్తార్ దాకా కాదు, ఇషా నుంచి ఫజర్ దాకా దీని రోజా" అని నవ్వింది.

మిగతా ఏర్పాట్లన్నీ ఆమెవే. పాత పైజామా నాడా కోసి టార్చికి కట్టింది, మణికట్టుకు వేసుకోవడానికి. తలుపు పక్కన మేకు కొట్టించి తస్బీతో పాటు దాన్ని వేలాడదీసింది. చీకట్లో మేకు దొరకాలె గదా అంటే, మా చిన్నది మోటర్‌సైకిల్ దుకాణం నుంచి రేడియం స్టిక్కర్ తెచ్చి మేకు కింద అంటించింది. ఛార్జింగుకు జుమా రోజు. పొద్దున బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు పెడ్తది. నేను జుమా నమాజు నుంచి వచ్చేసరికి తీసేస్తది. ఎర్ర చుక్క పచ్చగా మారితే అయిపోయినట్టు. రాత్రంతా పెట్టొద్దు, దిండు కింద పెట్టి ఛార్జి చేయొద్దు అని నేను ఒక్కసారే చెప్పిన.

ఇంకొన్ని ముచ్చట్లు మీ కోసం. గోడ ప్లగ్గులో నేరుగా పెట్టే చౌక టార్చి ఇంకా మీ ఇంట్లో ఉంటే, వుజూ చేసిన తడి చేతులతో దాన్ని ముట్టనియ్యకండి. చాలా వాటిలో కరెంటుకూ మీ చేతికీ నడుమ సరైన అడ్డం ఉండదు. టార్చి వెనుక అయస్కాంతం ఉన్నవి వస్తున్నయి. గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్న పెద్దలు ఉంటే అవి వద్దు, కుర్తా జేబులో అసలే వద్దు. సెల్లు ఉబ్బితే, వేడెక్కితే మోహమాటపడకుండా తీసేయండి, చెత్తలో మాత్రం వేయొద్దు.

మా బేగం ఇంకో ఉపాయం చెప్పింది. గేటు పక్క దర్వాజా మీద ఇన్వర్టర్ బల్బు పెట్టించినం. అది మామూలు బల్బు లెక్కనే ఉంటది, కరెంటు పోతే లోపలి బ్యాటరీతో తనంతట తనే వెలుగుతది. గోడ మీద స్విచ్చి ఆన్‌లోనే ఉంచాలె, అంతే. ఇప్పుడు మొదటి మెట్టు ఎవరూ ఏమీ నొక్కకుండానే కనపడ్తది.

బల్బు పెట్టించినంక అమ్మీతో అన్న, ఇక బయటికి రావాల్సిన పని లేదు, పడుకో అని. హౌ అన్నది. ఈ "హౌ" ఏందో నాకు ఇప్పుడు కొంచెం తెల్సు కాబట్టి మళ్లీ అడిగిన, నిజంగనేనా అని.

"నీ అబ్బాకు ఇన్నేండ్లు పట్టిన" అన్నది. "బల్బు ఉంటే ఉండనీ."

ఆ పద్నాలుగు వందల టార్చి మా తమ్ముని కొడుకు తీసుకపోయిండు. వానికి ఆ డ్యాన్సే ఇష్టం.

నిన్న రాత్రి కూడా వాన పడ్డది. చౌరస్తాలో దిగేసరికి రెండు దాటింది, బస్తీ అంతా చీకటి. గల్లీ మలుపు తిరగంగనే మా గేటు దగ్గర పసుపు రంగు వెలుగు నేల మీద కనపడ్డది. నా ముఖం మీద కాదు, కాళ్ల ముందట. నీళ్లు నిలిచిన గుంత దగ్గరికి రాంగనే ఆ వెలుగు గుంత మీదికి జరిగింది.

"అంధేరా హై, సంబాల్‌కే ఆ" అన్నది.